పిల్లికూతలకు ఇంగ్లీషు పేరు

ఇప్పుడు యానాంలో పసిబిడ్డ ఛాతీలో కాస్త గరగర వినిపిస్తే చాలు, తల్లి నోట వచ్చే మాట 'వీజింగ్'. "రాత్రి బాబుకి వీజింగ్ వచ్చిందండీ, కాకినాడ తీసుకెళ్ళి నెబ్యులైజర్ పెట్టించుకొచ్చాం" అంటారు. బడి మొహం చూడని ముసలమ్మ కూడా ఈ మాట తడుముకోకుండా పలుకుతోంది. ఆ ముసలమ్మే తన పిల్లల్ని పెంచే రోజుల్లో ఇదే సంగతిని "పిల్లికూతలు వస్తున్నాయి" అని చెప్పి ఉంటుంది. ఒక్క తరంలో తెలుగు మాట వెనక్కు వెళ్ళింది, ఇంగ్లీషు మాట ముందుకొచ్చింది.

పరభాషా పదాలు రావడం మనకు కొత్త కాదు. రెండు వందల ఏళ్ళకు పైగా పరాసుల ఏలుబడి చూసిన ఊరు మనది. మాట వస్తే రానిద్దాం, దానితోబాటు దాని అర్థం కూడా వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. నేను వైద్యుణ్ణి కాను. వాణిజ్యశాస్త్రం చదువుకుని బ్యాంకు లెక్కలు చూసుకునే మనిషిని. అయితే ఒక పద్దును ఒక ఖాతాలో రాయబోయి మరో ఖాతాలో రాస్తే ఎంత తిరకాసు వస్తుందో నాకు తెలుసు. ఈ 'వీజ్' అనే మాట విషయంలో అటువంటి తిరకాసు జరుగుతోందని నా అభిప్రాయం. అది ఎక్కడ మొదలైందో చెప్పాలంటే ఆ మాట చరిత్ర కొంత చెప్పాలి.

మనకున్న మాటలు

ముందు మన ఇంట్లో ఉన్న సరుకు చూసుకుందాం. వినిపించే ఊపిరికి తెలుగులో ఎన్ని పేర్లో లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. మనసులో బరువు దిగేటప్పుడు వచ్చేది నిట్టూర్పు. పరుగెత్తి వచ్చినవాడిది రొప్పు. మూట మోసినవాడిది ఒగర్పు. నిద్రలో గొంతు చేసే చప్పుడు గురక. పాముదీ, కోపం వచ్చిన మనిషిదీ బుస. కఫం పట్టిన ఛాతీలో గరగర. ఆఖరి ఘడియల్లో పైపైకి లాగేది ఎగశ్వాస. ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలోంచి సన్నగా, సాగదీసినట్టు, ఒక్కోసారి రెండు మూడు శ్రుతుల్లో కలిసి వచ్చే కూత పిల్లికూత. అది ఒంటరిగా రాదు కనుక పిల్లికూతలు అని బహువచనంలోనే వాడతాం.

ఇక్కడొక విషయం గమనించాలి. మన పెద్దలు మూడు సంగతులకు మూడు వేరువేరు మాటలు పెట్టుకున్నారు. రోగికి లోపల తెలిసే బాధ ఆయాసం. పక్కనున్నవాళ్ళ చెవికి వినిపించే చప్పుడు పిల్లికూతలు. ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉండే జబ్బు ఉబ్బసం. తెలంగాణలో ఆ జబ్బును దమ్ము అంటారు. పారసీకంలో 'దమ్' అంటే ఊపిరి, అక్కణ్ణుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట అది. ఆయాసం ఉండీ పిల్లికూతలు లేకపోవచ్చు, పిల్లికూతలు ఉండీ అది ఉబ్బసం కాకపోవచ్చు. ఈ తేడా పల్లెటూరి ఆడవాళ్ళకు స్పష్టంగా తెలుసు కనుకనే మూడు మాటలూ విడివిడిగా బతికాయి.

సంస్కృత వైద్యంలోనూ ఈ వివేకం ఉంది. చరకసంహిత చికిత్సాస్థానంలో శ్వాసరోగాలు ఐదని చెప్పారు: మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస. మనం ఉబ్బసం అనేదానికి దగ్గరగా వచ్చేది తమకశ్వాస. దానిలో వినిపించే చప్పుడుకు అక్కడ వాడిన పేరు ఘుర్ఘురకం. రోగం పేరు వేరు, చప్పుడు పేరు వేరు. ఆ రోగి పడుకోలేడనీ, కూర్చుంటే కొంత సుఖం పొందుతాడనీ, మబ్బు, వాన, చలి, తూర్పుగాలి దాన్ని పెంచుతాయనీ కూడా అక్కడ చెప్పారు. గౌతమి ఒడ్డున, సముద్రానికి కూతవేటు దూరంలో ఉండే మనకు ఆ తూర్పుగాలి సంగతి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. మృగశిర కార్తె వచ్చేసరికి మన వైపు నుంచి కూడా ఉబ్బసం రోగులు చేపమందు కోసం హైదరాబాదుకు రైలెక్కుతుంటారు. ఆ మందు గుణదోషాల చర్చ వేరే సంగతి. తొలకరి మబ్బుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం జనానికి ఎంత బాగా తెలుసో చెప్పడానికి మాత్రం ఆ రద్దీ చాలు.

బుసలోంచి పుట్టిన మాట

ఇక ఇంగ్లీషు మాట దగ్గరకు వద్దాం. 'వీజ్' అనేది ఇంగ్లీషులో పదిహేనో శతాబ్దం నాటికే కనిపిస్తుంది. దాని పుట్టుక ప్రాచీన నార్స్ భాషలోని 'హ్వేస' అనే ధాతువులో ఉందని పండితుల ఊహ. ఆ మాటకు అర్థం బుసకొట్టడం. అంటే ఉత్తరాది సముద్రపు జనాలకు ఆ ఛాతీ చప్పుడు బుసలాగా వినిపించింది, మనకు పిల్లిలాగా వినిపించింది.

ఆ మాట రాతలో ఇంకో తమాషా ఉంది. ఇంగ్లీషులో దాన్ని రాసేటప్పుడు 'డబ్ల్యూ' పక్కన 'హెచ్' పెడతారు. పాతకాలంలో ఆ 'హెచ్'ను ముందుగా, గట్టిగా ఊపిరి వదులుతూ 'హ్వీజ్' అన్నట్టు పలికేవారు. పలికితేనే ఊపిరి వినిపించేది. క్రమంగా ఇంగ్లీషువారిలో ఎక్కువమంది ఆ ఊపిరి మింగేశారు, రాతలో మాత్రం గుర్తు మిగిలింది. ఫ్రెంచివారు ఇంకా ముందే 'హెచ్'ను మింగేశారు. వాళ్ళ వ్యాకరణంలో 'ఊపిరితో పలికే హెచ్' అనే పేరు ఒకటుంది కాని, దాన్ని కూడా ఊపిరితో పలకరు. మనమేమన్నా తక్కువ తిన్నామా? ఖ, ఘ, ఛ, ఝ లను మహాప్రాణాలని పిలుస్తాం, ప్రాణమంటే ఊపిరే. అచ్చతెలుగు మాటల్లో అవి లేవు, సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లో కూడా మాట్లాడేటప్పుడు చాలామందిమి వాటిని అల్పప్రాణాలుగానే పలుకుతాం. ఊపిరిని రాతలో నిలిపి నోట్లో వదిలేయడం అన్ని జాతులకూ ఉన్న అలవాటే.

'వీజ్'కు మరో అర్థం కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దపు నాటకాలవాళ్ళ పరిభాషలో అది రంగస్థలం మీద మాటిమాటికీ వాడే హాస్యోక్తికి పేరైంది. అక్కణ్ణుంచి తెలివైన ఎత్తుగడ, గడుసు ఉపాయం అనే అర్థం వచ్చింది. ఈనాటికీ బ్రిటిషు పత్రికలు పన్ను తప్పించుకునే లెక్కల గారడీని 'టాక్స్ వీజ్' అంటాయి. నేను ఈ మాటను మొదట ఎరిగినది ఈ అర్థంలోనే. మాటలకు అర్థాలు పెరగడం సహజం. అయితే ఇంగ్లీషువాడు జోకును వీజ్ అన్నప్పుడు దాన్ని ఎవరూ ఛాతీ చప్పుడుగా పొరబడరు. మన దగ్గర ఆ మాటకు వచ్చిన కొత్త అర్థం అంత నిరపాయమైనది కాదు. ఆ సంగతికి వచ్చే ముందు ఒకసారి పరాసుల వైపు వెళ్ళాలి.

పరాసుల పిట్ట

ఫ్రెంచివారు 1723లో యానాంలో అడుగుపెట్టారు. కొన్నాళ్ళకు వదిలేసి మళ్ళీ 1731లో స్థిరపడ్డారు. మధ్యమధ్య ఇంగ్లీషువారు ఆక్రమించినా, 1954 నవంబరు 1న పరిపాలన భారతదేశానికి అప్పగించేదాకా ఈ ఊరి కచేరీ భాష ఫ్రెంచే. ఊరి పొలిమేర దాటితే నీలపల్లి, ఇంజరం. అక్కడ ఇంగ్లీషు కుంఫిణీవారు. అంటే మైళ్ళ దూరం కూడా లేని చోట ఒకే తెలుగు ఛాతీ చప్పుడుకు రెండు దొరల భాషల్లో రెండు పేర్లు సిద్ధంగా ఉండేవి.

ఫ్రెంచి పేరుకు పెద్ద చరిత్ర ఉంది. పారిస్‌లోని నెకెర్ ఆసుపత్రిలో పనిచేస్తూ, 1816లో రెనే లాయెనెక్ అనే వైద్యుడు ఒక స్థూలకాయురాలైన యువతి గుండె చప్పుడు వినవలసివచ్చి, కాగితాల దస్తాను గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె ఛాతీకి, ఒక కొస తన చెవికి ఆనించుకున్నాడు. నేరుగా చెవి పెట్టి విన్నదానికంటే స్పష్టంగా వినిపించింది. తరవాత కొయ్యతో గొట్టం చేయించాడు. స్టెతస్కోపు పుట్టుక అదే. మూడేళ్ళు వేలకొద్దీ చప్పుళ్ళు విని, చనిపోయిన రోగుల ఊపిరితిత్తులను కోసి చూసి, ఏ చప్పుడు ఏ దోషం వల్ల వస్తుందో 1819లో పెద్ద గ్రంథంగా ప్రకటించాడు.

ఛాతీలోని అదనపు చప్పుళ్ళన్నిటికీ కలిపి లాయెనెక్ వాడిన మాట 'రాల్'. దాన్ని రకాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి ఇంట్లో వాడే ఉపమానం ఇచ్చాడు. వేడి పెనం మీద ఉప్పు చల్లితే వచ్చే చిటపట ఒక రకం. గువ్వ కూసినట్టు, తంబురాలో మందరపు తీగ మోగినట్టు ఉండే బొంగురు చప్పుడు ఒక రకం. చిన్నచిన్న పిట్టలు కిచకిచలాడినట్టూ, నూనె రాసిన రెండు పాలరాతి పలకలను చటుక్కున విడదీసినట్టూ ఉండే సన్నని ఈల చప్పుడు ఒక రకం. ఆ చివరిదే మన పిల్లికూత. మనం పిల్లి అన్నదాన్ని ఫ్రెంచి చెవి పిట్ట అంది, నార్సు చెవి బుస అంది.

అయితే 'రాల్' అనే మాటతో లాయెనెక్‌కు ఒక చిక్కు వచ్చింది. ఫ్రెంచి జనం వాడుకలో ఆ మాటకు ప్రాణం పోయేటప్పటి గొంతు గరగర అనే అర్థం ఉంది. మంచం పక్కన నిలబడి శిష్యులతో "ఇతనికి రాల్ ఉంది" అంటే రోగి తన ఆయువు తీరిందనుకుని బెదిరిపోతాడు. అంచేత రోగుల ముందు లాటిన్‌లో 'రాంకస్' అనేవాడు. ఆ మాటకు అసలు అర్థం గురక. ఒకే చప్పుడుకు పుస్తకంలో ఒక పేరు, మంచం దగ్గర ఒక పేరు. రోగికి అర్థం కాకుండా ఉండడమే ఆ రెండో పేరుకున్న ప్రయోజనం. వైద్యుడు రోగి భాష నుంచి పక్కకు తప్పుకోవడం ఇక్కడ దయతోనే జరిగింది. లాయెనెక్ తానే క్షయతో 1826లో, నలభై ఐదేళ్ళకే పోయాడు.

మన పాండిచ్చేరిలో ఫ్రెంచివారు వైద్య పాఠశాల పెట్టినది 1823లో, అంటే ఆ గ్రంథం వచ్చిన నాలుగేళ్ళకు. ఆ బీజమే 1956లో ధన్వంతరి వైద్య కళాశాల అయి, 1964లో జిప్మర్ అయింది. ఇటువైపు ఇంగ్లీషువారి మద్రాసు వైద్య పాఠశాల 1835 నాటిది. ఫ్రెంచి చదువు చదివినవాడికి రాల్, ఇంగ్లీషు చదువు చదివినవాడికి వీజ్, రాంకస్. రోగి చెప్పిన పిల్లికూతలు రెండు వైపులా కాగితానికి ఎక్కని మాటే.

ఇంగ్లీషువారి గందరగోళం

లాయెనెక్ గ్రంథాన్ని జాన్ ఫోర్బ్స్ 1821లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. అసలు రచయిత దృష్టిలో ఒకే అర్థం ఉన్న రాల్, రాంకస్ అనే రెండు మాటలూ ఇంగ్లీషులో క్రమంగా రెండు వేరు చప్పుళ్ళకు పేర్లయి కూర్చున్నాయి. చిటపటలు రాల్ కిందకు, ఈలలూ గురకలూ రాంకస్ కిందకు వెళ్ళాయి. ఒక్కో దేశం, ఒక్కో గురువు ఒక్కోలా వాడారు. నూరేళ్ళకు పైగా ఇదే గందరగోళం. 1957లో రాబర్ట్‌సన్, కూప్ అనే ఇద్దరు వైద్యులు 'లాన్సెట్' పత్రికలో ఈ గొడవంతా ఏకరువు పెట్టి, లాటిను ముసుగులు తీసేసి జనం మాటలే వాడదామన్నారు. చిటపటకు 'క్రాకిల్', ఈలకు 'వీజ్'. అలా పల్లెటూరి ఇంగ్లీషు మాట ఒకటి వైద్యశాస్త్రంలో పీట వేసుకుని కూర్చుంది. మన దేశంలో చాలామంది వైద్యులు రాంకస్ బహువచనం 'రాంకై' అని ఇప్పటికీ చీటీ మీద రాస్తూనే ఉన్నారు.

చప్పుడు ఎలా పుడుతుందో కూడా ఆ రోజుల్లోనే తేలింది. పిల్లనగ్రోవిలో గాలి మోగినట్టు శ్వాసనాళంలో గాలి మోగుతుందని అంతకు ముందు అనుకునేవారు. పాల్ ఫోర్గాక్స్ అనే వైద్యుడు 1960లలో అది కాదన్నాడు. సెకనుకు 200 కంపనాలుండే బొంగురు శ్రుతి రావాలంటే రెండు వైపులా తెరచి ఉన్న గొట్టం దాదాపు మూడడుగుల పొడవుండాలి. మనిషి ఛాతీలో అంత పొడుగు గొట్టం ఎక్కడుంది? అసలు జరిగేది వేరు. నాళం దాదాపు మూసుకుపోయేంత ఇరుకైనప్పుడు దాని గోడలే గాలికి టపటపా కొట్టుకుంటాయి, తీర్థంలో పిల్లలకు కొనిపెట్టే బూరలోని పీకలాగా. అంటే పిల్లికూత వినిపించాలంటే రెండు కావాలి: దారి ఇరుకు కావాలి, ఆ ఇరుకులోంచి దూరేంత గాలి కూడా కావాలి. ఈ రెండో షరతును పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

పద్దు తప్పిన ఖాతా

వైద్యుల ఇంగ్లీషులో వీజ్ అంటే చప్పుడు, అంతే. మన వాడుకలో 'వీజింగ్' జబ్బు పేరైపోయింది. "మా వాడికి వీజింగ్ ఉంది" అంటే ఉబ్బసం ఉందని అర్థం. "ఉబ్బసం" అనడానికి నామోషీ, పెళ్ళిసంబంధాల భయం. కొత్త మాటకు ఆ మచ్చ లేదు. ముక్కు దిబ్బడకూ వీజింగే, గొంతులో కఫానికీ వీజింగే, ఆయాసానికీ వీజింగే. ఆయాసం, పిల్లికూతలు, ఉబ్బసం అని మూడు ఖాతాలుగా ఉన్నదాన్ని ఒకే ఖాతాలో కలిపేశాం. దీనివల్ల జరిగే నష్టం మాటల నష్టమే అయితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను.

మొదటి నష్టం ప్రాణానికి సంబంధించినది. ఉబ్బసం బాగా ముదిరినప్పుడు నాళాలు ఎంతగా బిగుసుకుంటాయంటే, గోడలను కంపింపజేసేంత గాలి కూడా ఆడదు. అప్పుడు కూతలు ఆగిపోతాయి. దీన్ని వైద్యులు 'నిశ్శబ్దమైన ఛాతీ' అంటారు, ప్రాణాపాయ లక్షణాల్లో దాన్ని చేర్చారు. మన ఇళ్ళలో మాత్రం "వీజింగ్ తగ్గింది, పడుకోనివ్వండి" అంటారు. చప్పుడును రోగం అనుకున్నవాళ్ళు చప్పుడు ఆగితే రోగం తగ్గిందనుకోవడంలో వింత లేదు. బిడ్డ డొక్కలు ఇంకా ఎగరేస్తూనే ఉన్నా, మాట పలకలేక అలసిపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, కూతలు ఆగాయంటే అది తగ్గడం కాదు, ఆసుపత్రికి పరుగెత్తవలసిన వేళ.

రెండోది, పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు. ఆడుకుంటూ వేరుశనగ గింజ పీల్చుకున్న పసివాడికి ఛాతీలో ఒక పక్కనే కూత రావచ్చు. గుండె బలహీనమైన పెద్దవాళ్ళకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి రాత్రిళ్ళు కూతలు రావచ్చు. ఈ రెంటికీ చేయవలసిన వైద్యం వేరు.

మూడో ఉదాహరణ మన తెలుగు నేలదే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో పనిచేసిన డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్, ఆయన సహచరుడు బార్టన్ 1940లో 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో ఒక వ్యాసం రాశారు. క్షయలాగే కనిపించి, క్షయ కాని ఒక స్థితిని అందులో వర్ణించారు. రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరగడం దాని గుర్తు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీనికి 'ట్రాపికల్ ఇసినోఫిలియా' అని పేరుపెట్టాడు. రాత్రిళ్ళు తెరలు తెరలుగా దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. చూడ్డానికి అచ్చం ఉబ్బసమే. తరవాతి పరిశోధనల్లో దీని మూలం బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిములని తేలింది. బోదకాలు మాత్రగా మనకు తెలిసిన డి.ఇ.సి.తోనే ఇది నయమవుతుంది. బోదకాలుకు పేరుమోసిన గోదావరి తీరంలో ఉన్నవాళ్ళం మనం. "వీజింగ్ కదా" అని ఊరుకుంటే ఒక రక్తపరీక్షతో తేలే సంగతి ఏళ్ళ తరబడి తేలకపోవచ్చు.

నాలుగోది కాగితాల నష్టం. సిబ్బంది వైద్యఖర్చుల బిల్లులు కొంతకాలం నా బల్ల మీదుగా వెళ్ళేవి. ఒకసారి ఒక సహోద్యోగి పసివాడి బిల్లులో రోగం పేరు రాయవలసిన గడిలో వైద్యుడు 'వీజ్' అని రాశాడు. అది లక్షణమే గాని రోగం కాదని బీమా సంస్థ తిప్పిపంపింది. న్యాయంగా అది నిజమే. డబ్బు రావాలి కనుక ఆయన వెళ్ళి 'ఆస్తమా' అని రాయించుకొచ్చాడు. జలుబుతో నాలుగు రోజులు కూతలు వచ్చిన బిడ్డ కాగితం మీద శాశ్వత ఉబ్బసం రోగి అయ్యాడు. ఆస్తమా అన్నదీ మొదట్లో రోగం పేరు కాదు. గ్రీకులో దాని అర్థం ఒగర్పు. హోమర్ కావ్యంలో యుద్ధంలో దెబ్బతిన్న వీరుడికి ఆ మాట వాడాడు. లక్షణాన్ని రోగం ఖాతాలో జమకట్టడం అప్పటినుంచీ ఉన్నదే.

ఇంగ్లీషువారికే తెలుసా?

ఇదంతా మనవాళ్ళ చదువులేనితనం అని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2000లో లండన్ వైద్యులు ఒక పరిశీలన ప్రకటించారు. మా బిడ్డకు వీజ్ వస్తోందని తీసుకొచ్చిన తల్లిదండ్రుల మాటనూ, వైద్యులు స్వయంగా విన్నదాన్నీ పోల్చి చూస్తే, రెండూ ఏకీభవించినవి సగం కంటే తక్కువ. ఆ మాట పుట్టిన దేశంలోనే ఆ గతి.

ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో ఉబ్బసం ఎంత ఉందో తెలుసుకోవడానికి 1991లో 'ఐసాక్' అనే పెద్ద సర్వే మొదలైంది. 1998లో ప్రకటించిన ఫలితాల్లో 56 దేశాల్లోని 155 కేంద్రాల నుంచి 13-14 ఏళ్ళ పిల్లలు 4,63,801 మంది ఉన్నారు. వాళ్ళను అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఛాతీలో వీజ్ గాని ఈల చప్పుడు గాని వచ్చిందా అన్నది. ఎన్నో భాషల్లో వీజ్‌కు సరైన మాట దొరకదు. అంచేత ఆ సర్వేవారు ఒక ఉపాయం చేశారు. ఉబ్బసం వచ్చినవాళ్ళ ఊపిరి ఎలా ఉంటుందో వీడియో తీసి పిల్లలకు చూపించి, నీ ఊపిరి ఎప్పుడైనా ఇలా ఉందా అని అడిగారు. మాట కుదరనిచోట చప్పుడునే వినిపించారు.

అంత పెద్ద సర్వేకు దొరకని మాట మన దగ్గర సిద్ధంగా ఉంది. పిల్లికూతలు అంటే వీడియో అక్కరలేదు. ఆ మాటలోనే చప్పుడు ఉంది. అది ముక్కు దిబ్బడకు అతకదు, గురకకు అతకదు, ఒట్టి ఆయాసానికి అతకదు. ఆ మాట వదులుకుని, లండన్ తల్లులకే పట్టుబడని మాటను మనం తెచ్చుకున్నాం.

యానాం సంగతి

మన పరిస్థితి మిగిలిన ఆంధ్రదేశానికంటే ఇంకాస్త చిక్కైనది. రాజధాని పుదుచ్చేరి దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో, తమిళ నేల మీద ఉంది. పెద్ద జబ్బుకు కొందరు కాకినాడ వెళతారు, కొందరు జిప్మర్ వెళతారు. జిప్మర్ వైద్యుడు తమిళుడైతే ఆయన అడిగే మాట 'ఇళైప్పు'. ఆ మాటకు తమిళంలో ఎగపోత అనీ, చిక్కిపోవడం అనీ కూడా అర్థాలున్నాయి. మనవాళ్ళు తలూపుతారు. దేనికి తలూపారో ఇద్దరికీ తెలియదు. చివరకు ఇద్దరూ కలిసేది 'వీజింగ్' అనే మాట దగ్గర. అక్కడ కూడా ఆయన చప్పుడు గురించి అడుగుతాడు, మనం జబ్బు గురించి చెబుతాం.

1965 నాటి అధికార భాషా చట్టం తమిళాన్ని అధికార భాషగా చేస్తూనే యానాంలో తెలుగు, మాహేలో మలయాళం వాడుకోవడానికి వీలు కల్పించింది. ఆ వీలును మనం బడి దగ్గర, కచేరీ దగ్గర అడుగుతుంటాం. మంచిదే. కాని అల్పసంఖ్యాకుల భాషకు అసలు పరీక్ష అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో జరుగుతుంది. అక్కడ చెప్పదలచుకున్నది సొంత మాటలో చెప్పుకోగలిగితేనే ఆ భాషకు హక్కులు ఉన్నట్టు.

నేను కోరేది చాలా చిన్నది. పరాసుల మాటా ఇంగ్లీషు మాటా తరిమేయమని అనడం లేదు. యానాం వాళ్ళను చూసే ఆసుపత్రుల్లో, రోగి వచ్చీరాగానే నింపే కాగితంలో మూడు ప్రశ్నలు తెలుగులో అచ్చువేయించాలి. ఆయాసం ఉందా? ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తున్నాయా, వినిపించి ఆగిపోయాయా? ఇంతకు ముందు ఉబ్బసం అని ఎవరైనా చెప్పారా? ఈ మూడింటి పక్కన వైద్యుడు తన భాషలో ఏం రాసుకున్నా ఫరవాలేదు. అచ్చు వేసేదాకా ఆగనక్కరలేదు కూడా. ఈ పత్రిక చదివే ఇళ్ళలో తల్లులు, అమ్మమ్మలు వైద్యుడి దగ్గరకు వెళ్ళినప్పుడు 'వీజింగ్' అని ఊరుకోకుండా, ఏం వినిపించిందో, ఎప్పుడు వినిపించిందో, ఎప్పుడు ఆగిందో తమ మాటల్లో చెబితే చాలు. వినేవాడు తెలుగువాడైతే వెంటనే అర్థమవుతుంది, కాకపోతే ఆ కూత ఎలా ఉంటుందో కూసి చూపించవచ్చు.